నేను కొన్న రెండు ఫ్లీస్ జాకెట్లు

కిందటి డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ఎక్కడానికి బయలుదేరే ముందు హైదరాబాదులో రెండు ఫ్లీస్ జాకెట్లు కొన్నాను. మొదటిది అమీర్‌పేటలోని ఒక బట్టల దుకాణంలో దొరికింది. గొర్రె ఉన్నిలా ఒత్తుగా నూగు తేలి, చూడగానే నిమరాలనిపించేంత అందంగా ఉంది. రెండవది ట్రెక్కింగ్ సామాను అమ్మే చోట తీసుకున్నది. పలుచగా, సగం జిప్పుతో, లోపలివైపు చిన్న చిన్న గళ్లతో ఉంటుంది. ధరలో పెద్ద తేడా లేదు. పనిలో ఉన్న తేడా మాత్రం నడక మొదలయ్యే సాంక్రి గ్రామం దాటి మంచులో నడిచిన మొదటి రెండు గంటల్లోనే తెలిసిపోయింది.

ఫ్లీస్ ఉన్ని కాదు, పాలిస్టర్. అమెరికాలోని మాల్డెన్ మిల్స్ 1979లో రూపొందించిన ఈ రకం బట్టలో, అల్లిన పాలిస్టర్‌ను గీకి నూగు లేపుతారు. ఆ నూగులో నిలిచిన గాలే ఒంటి వేడిని పట్టి ఉంచుతుంది. పాలిస్టర్ పోగు నీటిని దాదాపుగా పీల్చుకోదు కనుక, చెమట పట్టినా బట్ట త్వరగా ఆరుతుంది. నా మొదటి జాకెట్‌కు ఈ గుణం లేకుండా చేసింది దాని లోపలి లైనింగే. అది నూలు కలిసిన బట్ట. ఎక్కుతున్నంతసేపూ చెమటను పీల్చుకుని, విశ్రాంతికి ఆగిన ప్రతిసారీ తడి గుడ్డలా వీపుకు అంటుకుని వణికించింది. ట్రెక్కింగ్‌కు కూడా పనికొస్తుందని అమ్మినవారు చెప్పిన మాట సరైనది కాదు. లోపలి చీటీ చదివి ఉంటే అక్కడే తెలిసేది. మరునాటి నుంచి పలుచని జాకెట్ మీదే నడిచాను. మెడ దగ్గరి జిప్పు దించితే వేడి బయటికి పోయేది, ఆగినప్పుడు పైన మరో కోటు తొడుక్కుంటే సరిపోయేది.

ఫ్లీస్ మందాన్ని చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. 100 ప్రాంతంలో ఉన్నది పలుచన, 200 మధ్యస్థం, 300 మందం. మన హైదరాబాదులో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోవడం అరుదు కాబట్టి, కేబీఆర్ పార్కు చుట్టూ వేగంగా నడిచేవారికి 100 రకం చాలు. అంతకంటే మందమైనది ఒక్క చుట్టు పూర్తికాకముందే విప్పి నడుముకు కట్టుకోవలసి వస్తుంది. అయితే మామూలు ఫ్లీస్ గాలిని ఆపదు. ఉదయం నెక్లెస్ రోడ్డు మీద బండి నడిపేవారు ఎంత మందమైనది వేసుకున్నా, పైన పలుచని విండ్‌చీటర్ లేకపోతే ఛాతీకి చలి తగులుతుంది.

మందమైన జాకెట్‌ను నేను తీసిపారేయలేదు. కదలకుండా కూర్చునే చోట, ముఖ్యంగా ఏసీ ఎక్కువగా ఉండే ఆఫీసులో, అది ఎంతో హాయిగా ఉంటుంది, చూడటానికి కూడా హుందాగా ఉంటుంది. అయితే నాలుగు ఉతుకులకే మోచేతుల దగ్గర నూగు ఉండలు కట్టింది. ఏ ఫ్లీస్‌నైనా తిరగవేసి చన్నీళ్లలో ఉతకాలి, ఫాబ్రిక్ కండిషనర్ వాడకూడదు, ఇస్త్రీ పెట్టకూడదు. పాలిస్టర్ వేడికి కరుగుతుంది కనుక భోగి మంట దగ్గరికి వేసుకుని వెళ్లకండి. ఒక్క నిప్పురవ్వ చాలు, చిల్లు పడుతుంది.

నడక కోసమే కొంటున్నట్లయితే, దుకాణంలోనే తొడుక్కుని రెండు చేతులూ పైకెత్తి చూడండి. అంచు నడుము పైకి జరిగిపోతే, వీపున సంచి తగిలించుకున్నప్పుడు అది అక్కడే చుట్టుకుపోతుంది.