కెర్నెల్ 6.8: మెమరీ అటక బాగానే దులిపారు, నా క్యాప్చర్ కార్డే మూలన పడింది

మొన్న పాత లాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ 22.04 తీసేసి 24.04 వేసా, అంటే కెర్నెల్ (హార్డ్‌వేర్‌నీ మెమరీనీ నడిపే లినక్స్ గుండెకాయ) 5.15 నుంచి ఒకేసారి 6.8కి దూకినట్టు, మధ్యలో రెండేళ్ళు మెమరీ మేనేజ్‌మెంట్ కోడ్‌లో కెర్నెల్ డెవలపర్లు సర్దిందంతా ఒక్కసారే నా నెత్తిన పడింది. అందుకే ఈ రివ్యూ.

స్పీడ్ పెరిగిందా అంటే నాకైతే ఏం తేడా తెలీలేదు, బ్రౌజర్ ఎప్పట్లాగే ర్యామ్ మింగుతోంది. కెర్నెల్ సోర్స్ దించుకుని, మెమరీ కోడ్ ఉండే ఎంఎం ఫోల్డర్ తెరిచి చూస్తేనే మజా.

అన్నిట్లోకి నాకు నచ్చింది స్లాబ్ పీకెయ్యడం (ఇంటి స్లాబ్ కాదులెండి). కెర్నెల్‌కి చిన్న చిన్న ముక్కల్లో మెమరీ ఇచ్చే అలొకేటర్లు మూడుండేవి: స్లాబ్, స్లోబ్, స్లబ్. పనొకటే, పొయ్యిలు మూడు, ఏ కొత్త ఫీచర్ పెట్టాలన్నా మూడింటితోనూ సరిపోతుందో లేదో చూసుకోవాలి. స్లాబ్‌లో మెమరీ ముక్కల్ని పెట్టే క్యూల గొడవ ఎక్కువైందని డెవలపర్ క్రిస్టఫ్ లామెటర్ స్లబ్ తెచ్చింది 2007లో, డిస్ట్రోలు (ఉబుంటు లాంటి లినక్స్ రకాలు) చాలావరకు దానికి మారిపోయి ఏళ్ళయింది, అయినా పాతది అలాగే ఉండిపోయింది. చివరికి స్లోబ్ 6.4లో పోయింది, స్లాబ్ 2024 మార్చిలో వచ్చిన 6.8లో పోయింది, ఆ కోడ్ చూసుకునే వ్లాస్తిమిల్ బాబ్కా ఓపిగ్గా దగ్గరుండి సాగనంపాడు. ఆ ఒక్క స్లాబ్ ఫైలే దాదాపు 4,000 లైన్లు ఉండేది!

ఫోలియో (మెమరీ పేజీల్ని పట్టుకునే కొత్త పద్ధతి) సంగతికొస్తే, కోడ్ మొత్తాన్ని దానికి మార్చే పని ఇంకా సగంలోనే ఉంది. ఇదివరకు ఏదైనా ఫంక్షన్‌కి ఒక పేజీ (మెమరీని పంచే చిన్న ముక్క) ఇస్తే అది విడి పేజీయా, లేక కొన్ని కలిపి చేసిన పెద్ద పేజీకి తలా (మొదటిది) తోకా (మిగతావాటిలో ఒకటి) అన్నది దానికి తెలీదు, ప్రతిచోటా మళ్ళీ మళ్ళీ చెక్ చేసుకోవాల్సిందే. డెవలపర్ మాథ్యూ విల్‌కాక్స్ 5.16లో తెచ్చిన ఫోలియో ఎప్పుడూ తోక కాదు, ఆ గ్యారంటీ దాని డేటా టైప్‌లోనే ఉంది. ఇంకో ఆశ కూడా ఉంది, ఇప్పుడు ప్రతి 4 కేబీ పేజీకి 64 బైట్ల లెక్కపుస్తకం ఉంటుంది కదా, 16 జీబీ మెషిన్‌లో దానికే 256 ఎంబీ పోతుంది, ముందుముందు దీన్ని బాగా చిన్నది చేద్దామని చూస్తున్నారు. అది 6.8లో లేదు, కాబట్టి ఇప్పుడే మార్కులెయ్యను.

ఇక నా ఏడుపు. ఒక చిన్న కంపెనీ వీడియో క్యాప్చర్ కార్డ్ ఉంది నా దగ్గర, వాళ్ళ డ్రైవర్ కెర్నెల్ బయటది (కెర్నెల్ సోర్స్‌లో లేదు, విడిగా కంపైల్ చేసుకోవాలి), అప్‌గ్రేడ్ అవ్వగానే కంపైల్ ఆగిపోయింది. చూస్తే వీఎమ్ఏలో (ప్రోగ్రామ్ మెమరీలో ఒక్కో భాగం వివరాలు రాసుకునే రికార్డు) ఫ్లాగ్స్‌ని నేరుగా మార్చే లైన్ దగ్గర ఎర్రర్. 6.3 నుంచి ఆ ఫీల్డ్‌ని రీడ్ ఓన్లీ చేసేసారు, మార్చాలంటే వాళ్ళిచ్చిన ఫంక్షన్ పిలవాలి. తిట్టుకున్నా గానీ కారణం న్యాయమైందే, లాక్ (ఒకరు మారుస్తుంటే ఇంకొకరిని ఆపేది) తీసుకోకుండా ఎవడు పడితే వాడు మార్చేస్తుంటే 6.4లో వచ్చిన వీఎమ్ఏకో లాక్ పద్ధతి నిలబడదు. ఒక్క లైన్ మారిస్తే పనైపోయింది, ఆ లైన్ వెతకడానికి మాత్రం ఆదివారం మొత్తం పోయింది, కంపెనీకి మెయిల్ పెడితే ఇప్పటికీ ఉలుకూ పలుకూ లేదు.

నాలుగు స్టార్లు. బయటి డ్రైవర్లు వాడేవాళ్ళు ముందు వేరే డిస్క్‌లో వేసి చూస్కోండి. లేదు మాకు స్లాబే కావాలి అనేవాళ్ళుంటే 6.6 ఎల్‌టీఎస్‌లో (ఎక్కువ కాలం అప్‌డేట్లొచ్చే వెర్షన్) ఇంకా ఉంది, కాన్ఫిగ్‌లో డిప్రికేటెడ్ (ఇక వాడొద్దు, తీసేస్తాం) అని బోర్డు తగిలించి మరీ ఉంచారు.