ట్రావెల్ యాప్ చేయాలంటే: టికెట్లు అమ్మేదా, ధరలు పోల్చేదా, దారిలో తోడుండేదా – ఏది మేలు?

ట్రావెల్ యాప్ చేద్దామనుకుంటున్నామని ఎవరైనా చెబితే నేను ముందుగా టెక్నాలజీ గురించి అడగను. ప్రయాణం చేసే మనిషి మీ యాప్‌ను ఎప్పుడు తెరుస్తాడని అడుగుతాను. బయల్దేరడానికి నెల ముందా, డబ్బు కట్టేటప్పుడా, లేక తెలియని స్టేషన్లో దిగి ఎటు వెళ్లాలో తోచక నిలబడ్డప్పుడా? జవాబును బట్టి మీరు చేయబోయేది మూడు రకాల్లో ఒకటవుతుంది. టికెట్లూ గదులూ అమ్మే బుకింగ్ యాప్ మొదటిది. తాను అమ్మకుండా, ఎవరి దగ్గర ఎంత ధర ఉందో చూపించే పోలిక యాప్ రెండోది. ప్రయాణం మొదలయ్యాక టికెట్లు, మ్యాపు, వేళలు ఒక్కచోట పెట్టి చేతికిచ్చేది మూడోది. పైకి మూడూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ లోపలి పనికీ, ఖర్చుకీ, రాబడికీ పొంతన ఉండదు.

ఇంతమంది వీటిని ఎందుకు వాడుతున్నారో కాస్త చూస్తే ఎంపిక తేలికవుతుంది. 1960లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి సేబర్ అనే రిజర్వేషన్ వ్యవస్థను పనిలో పెట్టాయి. ఏ విమానంలో ఏ సీటు ఖాళీగా ఉందో అప్పటి నుంచే కంప్యూటర్‌కు తెలుసు. కానీ ఆ తెర ఏజెంటు వైపే తిరిగి ఉండేది. 1996లో మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌పీడియా, నెదర్లాండ్స్‌లో బుకింగ్.కామ్ మొదలయ్యాక అది కొనేవాళ్ల వైపు తిరిగింది. 2007లో ఐఫోన్, 2008లో యాప్ స్టోర్ వచ్చాక జేబులోకి చేరింది. జేబులోకి చేరడంతో వచ్చిన మార్పు చిన్నది కాదు. ఇంట్లో కంప్యూటర్‌కు మనం ఎక్కడున్నామో తెలియదు, గేటు మారితే మనకు చెప్పలేదు. ఫోన్ ఆ రెండూ చేస్తుంది, పైగా బోర్డింగ్ పాస్ కూడా తానే అవుతుంది.

చౌక టికెట్ల కోసమే జనం ఈ యాప్‌లు పెట్టుకుంటారన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. కొత్త చోట భాష రాక, దారి తెలియక, ఎవరిని నమ్మాలో తెలియక పడే బెరుకును ఇవి తగ్గిస్తాయి. ముందు వెళ్లొచ్చినవాళ్లు రాసిన అభిప్రాయాలు చదవగలగడం, చేతిలో మ్యాపు ఉండడం, కట్టే డబ్బు ఎంతో ముందే తెలియడం, ఇవన్నీ కలిసి మనిషికి ధైర్యాన్నిస్తాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లకూ పెద్ద వయసువాళ్లకూ ఆ ధైర్యం డిస్కౌంట్ కంటే ఎక్కువ విలువైనది.

బుకింగ్ యాప్: రాబడి బాగుంది, బరువు కూడా

యాప్ అనగానే ఎక్కువమంది మనసులో మెదిలేది ఇదే, ఎందుకంటే ప్రతి అమ్మకం మీదా కమీషన్ కళ్లముందు కనిపిస్తుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. విమాన టికెట్, హోటల్ గది యాప్ బయట వాడుకునే సేవలు కాబట్టి వాటి అమ్మకంలో యాప్ స్టోర్‌కు వాటా ఇవ్వక్కర్లేదు. ఇలాంటివాటికి తన చెల్లింపు పద్ధతి వాడకూడదని, మామూలు కార్డు చెల్లింపులే వాడాలని యాపిల్ నియమాల్లోనే ఉంది.

కష్టమంతా సరుకు దగ్గర మొదలవుతుంది. విమాన సీట్లు ప్రధానంగా అమడియస్, సేబర్, ట్రావెల్‌పోర్ట్ అనే మూడు పెద్ద పంపిణీ వ్యవస్థల ద్వారా వస్తాయి. వీటిలో అమడియస్‌ను 1987లో విమాన సంస్థలు ఎయిర్ ఫ్రాన్స్, ఐబీరియా, లుఫ్తాన్సా, ఎస్‌ఏఎస్ కలిసి పెట్టాయి. విమాన సంస్థలు తమ సీట్లను మధ్యవర్తి పద్ధతుల్లో కాకుండా మరింత నేరుగా, బ్యాగేజీ, భోజనం వంటి అదనాలతో సహా అమ్ముకోవడానికి, వాటి అంతర్జాతీయ సంఘమైన ఐఏటీఏ 2012లో ఎన్‌డీసీ అనే ప్రమాణాన్ని మొదలుపెట్టింది. దాన్ని ఒక్కో సంస్థ ఒక్కో తీరుగా అమలు చేయడం వల్ల డెవలపర్‌కు పని తగ్గలేదు, ఇంకో రకం పని తోడయింది. టికెట్ జారీ చేసే హక్కు కూడా ఊరికే రాదు. ఐఏటీఏ గుర్తింపు తెచ్చుకోవాలి, లేదంటే అది ఉన్న హోల్‌సేల్ ఏజెంటు ద్వారా వెళ్లాలి.

తర్వాతిది ధర. ఒక్క వెతుకులాటకు వందల ఛార్జీలు లెక్కగట్టాలి. వెతికేవాళ్లలో కొనేవాళ్లు చాలా కొద్దిమంది కాబట్టి, కొనకుండా అదేపనిగా అడిగే యాప్‌లకు సరఫరాదారులు పరిమితులు పెడతారు. అందుకని యాప్‌లు కొంతసేపటి కిందట తెచ్చి దాచుకున్న ధరను చూపిస్తాయి. డబ్బు కట్టే ముందు అసలు ధరను మళ్లీ అడిగి తెచ్చుకుంటాయి. 'ఈ ధర ఇప్పుడు లేదు' అనే సందేశం వచ్చేది అక్కడే. వాడేవాళ్లు దాన్ని మోసమనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు అది దాచుకున్న లెక్క పాతబడడమే. అయినా ఆ కోపం న్యాయమైనదే. ధర ఎప్పటిదో తెర మీద రాయకపోవడం యాప్ చేసినవాళ్ల లోపం.

హోటళ్లలో చిక్కు ఇంకో రకం. ఒకే హోటల్ ఇద్దరు సరఫరాదారుల నుంచి రెండు స్పెల్లింగులతో, మ్యాపులో రెండు వేర్వేరు బిందువులతో వస్తుంది. అవి రెండూ ఒకటేనని గుర్తించకపోతే జాబితా నిండా నకళ్లే. పొరపాటున వేర్వేరు హోటళ్లను ఒకటి చేస్తే, మనిషి సామానుతో తప్పు చోటుకు చేరతాడు.

డబ్బు పట్టడం వీటన్నిటికంటే తేలిక. కార్డు నంబర్లు మీ సర్వర్‌ను తాకకుండా, డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేకే వదిలేస్తే పీసీఐ డీఎస్‌ఎస్ అనే భద్రతా ప్రమాణం మోపే భారం చాలావరకు తగ్గుతుంది. కష్టం ఆ తర్వాత వస్తుంది. డబ్బు కట్ అయింది, టికెట్ రాలేదు. విమానం వేళ మారింది, తర్వాత ఎక్కాల్సిన విమానం అందదు. అర్ధరాత్రి ఒక కుటుంబం విమానాశ్రయం నుంచి ఫోన్ చేస్తుంది. అక్కడ ఎత్తడానికి మనిషి ఉండాలి. 2020లో ప్రయాణాలన్నీ ఒక్కసారిగా రద్దయినప్పుడు రీఫండ్ల దగ్గర అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఎంత నలిగిపోయారో అందరం చూశాం. ఈ సేవ చేయలేని చిన్న బృందం బుకింగ్ యాప్ జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం. ఒక్క మినహాయింపు ఉంది. సరుకు మీ సొంతమైతే, అంటే బస్సులు మీవే, గదులు మీవే అయితే, నేరుగా అమ్ముకునే యాప్ మీకు ఖచ్చితంగా మేలు. పైన చెప్పిన చిక్కుల్లో సగం మీకు రావు.

పోలిక యాప్: తేలికే గానీ ఇరుకు

2003లో ఎడిన్‌బరోలో పుట్టిన స్కైస్కానర్, ఆ మరుసటి ఏడాది అమెరికాలో వచ్చిన కయాక్ ఈ కోవలోవి. ధరలు చూపించి, కొనేవాళ్లను అమ్మేవాళ్ల దగ్గరికి పంపిస్తాయి. ఒక్కో క్లిక్‌కో, జరిగిన అమ్మకానికో డబ్బు తీసుకుంటాయి. రీఫండ్ల తలనొప్పి లేదు, టికెట్ జారీ లేదు. అయితే ఈ రంగంలో గూగుల్ ఉంది. విమాన ఛార్జీలు లెక్కగట్టే ఐటీఏ సాఫ్ట్‌వేర్ సంస్థను 70 కోట్ల డాలర్లకు కొని, 2011లో గూగుల్ ఫ్లైట్స్ తెచ్చింది. వెతకడానికి జనం మొదట వెళ్లే చోటే పోలిక కూడా దొరుకుతుంటే, మీ యాప్ దాకా వాళ్లను రప్పించడానికి ప్రకటనలకు పెట్టే ఖర్చు క్లిక్‌కు వచ్చే డబ్బును మింగేస్తుంది. ఒక ఇరుకైన అవసరాన్ని ఎంచుకుంటే తప్ప, ఉదాహరణకు చక్రాల కుర్చీతో ఎక్కగలిగే రవాణా మాత్రమే పోల్చి చూపడం వంటిది, కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ చోటు తక్కువ.

దారిలో తోడుండే యాప్: పని ఇక్కడుంది

నా ఓటు దీనికే. దీని బలహీనత ముందే చెబుతాను, దీంతో డబ్బు సంపాదించడం కష్టం. గూగుల్ 2016లో ట్రిప్స్ అనే యాప్ తెచ్చింది. మెయిల్‌లోంచి బుకింగులు ఏరి, ఊరి వివరాలను ఆఫ్‌లైన్‌లో చదువుకునేలా ఇచ్చేది. 2019 ఆగస్టులో దాన్ని మూసేసింది. 2006లో మొదలైన ట్రిప్‌ఇట్ మాత్రం నిలిచింది. బుకింగ్ మెయిల్‌ను దానికి పంపిస్తే వివరాలన్నీ చదివి రోజువారీ ప్రణాళికగా పేర్చి ఇవ్వడం దాని పని. అదనపు సౌకర్యాలకు చందా తీసుకుంటుంది. ఇలాంటి చందా డిజిటల్ సరుకు కాబట్టి యాప్ స్టోర్ వాటా ఇక్కడ పడుతుంది. మామూలుగా 30 శాతం. ఏడాదికి 10 లక్షల డాలర్లలోపు సంపాదించే డెవలపర్ల కోసం యాపిల్ 2021 నుంచి పెట్టిన పథకంలో చేరితే 15 శాతం.

ఇంకో బలహీనత, ప్రయాణం అయిపోగానే యాప్‌ను తీసేస్తారు. దీన్ని ఆపడానికి రోజూ నోటిఫికేషన్లు పంపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. తీసేయనివ్వండి. ఏడాది తర్వాత మళ్లీ పెట్టుకున్నప్పుడు పాత ప్రయాణాలు భద్రంగా కనిపిస్తే చాలు, ఆ మనిషి ఇంకొకరికి చెబుతాడు.

బలం ఎక్కడుందంటే, దీనికి కావలసిన సరుకులో చాలా భాగం ఉచితంగా, అందరికీ తెరిచి ఉంది. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు. మూలాన్ని పేర్కొనాలి, సమాచారానికి చేసిన చేర్పులను బయటపెడితే అదే లైసెన్సు కింద ఇవ్వాలి. ఆస్మ్‌అండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి ఆఫ్‌లైన్ మ్యాపులు దాని మీదే నడుస్తున్నాయి. బస్సులు, రైళ్ల వేళలకు జీటీఎఫ్‌ఎస్ అనే ఫైలు పద్ధతి ఉంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగర రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి 2005లో మొదలుపెట్టిన ఆ పద్ధతిలోనే ఇప్పుడు ప్రపంచమంతటా ఎన్నో రవాణా సంస్థలు తమ వేళలను ప్రచురిస్తున్నాయి.

అసలు నైపుణ్యమంతా సిగ్నల్ లేనప్పుడు యాప్ పనిచేసేలా చేయడంలో ఉంది. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఉపగ్రహాల సంకేతం చాలు. మొదటి స్థానం దొరకడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. కాబట్టి మ్యాపు ఫోన్లో ఉంటే అడవిలోనైనా దారి చూపించవచ్చు. మ్యాపును బొమ్మలుగా కాకుండా గీతలు, బిందువుల సమాచారంగా దాస్తే చాలా తక్కువ చోటు పడుతుంది, ఎంత దగ్గరగా చూసినా మసకబారదు. ప్రణాళికలో మార్పును ముందు ఫోన్లోని డేటాబేస్‌లో రాసుకుని, నెట్ వచ్చాక సర్వర్‌కు పంపాలి. కలిసి వెళ్తున్న ఇద్దరూ సిగ్నల్ లేని చోట ఒకే రోజును రెండు రకాలుగా మార్చితే ఎవరిది నిలవాలి? చివరగా చేరిన మార్పు నిలుస్తుందని సరిపెట్టేస్తే ఒకరి హోటల్ చిరునామా మాయమవుతుంది. రెండూ చూపించి వాళ్లనే ఎంచుకోమనడం మంచిది.

కాలం ఇంకా గడుసుది. విమానం బయల్దేరే వేళను ఆ ఊరి గడియారం ప్రకారం, ఆ ప్రాంతపు కాలమండలం (టైమ్ జోన్) పేరుతో సహా దాచుకోవాలి. గంటల తేడా అంకె ఒక్కటే దాచితే చాలదు, ఎందుకంటే ప్రభుత్వాలు దాన్ని మారుస్తుంటాయి. నేపాల్ ప్రపంచ ప్రామాణిక కాలానికి 5 గంటల 45 నిమిషాలు ముందుంటుంది, కాబట్టి తేడా ఎప్పుడూ నిండు గంటల్లో ఉంటుందనుకోకూడదు. సమోవా 2011లో డిసెంబర్ 30ని క్యాలెండర్లోంచే తీసేసి దినరేఖకు అవతలి పక్కకు మారింది. ఇలాంటి మార్పులన్నీ, ఇంటర్నెట్ పేర్లు, అంకెల వ్యవహారం చూసే ఐఏఎన్‌ఏ నిర్వహించే కాలమండలాల డేటాబేస్‌లో చేరుతుంటాయి. దాన్ని వాడుకుంటూ, తాజాగా ఉంచుకుంటే చాలు. ఇక్కడ తప్పు జరిగితే అలారం గంట ఆలస్యంగా మోగుతుంది, విమానం పోతుంది.

పాస్‌పోర్టు ఫోటో, వీసా కాగితం ఈ యాప్‌లో పెట్టుకోవాలని చాలామంది అనుకుంటారు. వాటిని ఫోన్లోనే తాళం వేసి ఉంచండి, సర్వర్‌కు తేవద్దు. లొకేషన్ అనుమతి కూడా యాప్ తెరిచి ఉన్నప్పటికే అడగాలి. రోజంతా వెంటాడితే బ్యాటరీ అయిపోతుంది, నమ్మకం కూడా పోతుంది. యూరప్ వాసులు వాడితే 2018 నుంచి అమల్లో ఉన్న, వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే జీడీపీఆర్ చట్టం వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

దేంతో చేయాలి?

ఆండ్రాయిడ్‌కు, ఐఫోన్‌కు విడివిడిగా రాయడమా, రెండింటికీ ఒకేసారి ఫ్లట్టర్‌తోనో రియాక్ట్ నేటివ్‌తోనో రాయడమా, వెబ్‌సైటుగానే ఉంచడమా అన్నదానిపై చాలా వాదనలు నడుస్తాయి. నేను ఎక్కువసేపు ఆలోచించను. చిన్న బృందానికి ఫ్లట్టర్ లేదా రియాక్ట్ నేటివ్ చాలు. ఇళ్లూ గదులూ అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ 2018లో రియాక్ట్ నేటివ్‌ను వదిలేసిందన్నది నిజమే. కానీ అది రెండు వైపులా పెద్ద బృందాలున్న సంస్థ, వాళ్ల ఇబ్బందులు వేరు. వెబ్‌సైటు అమ్మకానికి, పోలికకు బాగుంటుంది. తోడుండే యాప్‌కు మాత్రం వద్దు. ఏడు రోజులు వాడని సైటు దాచుకున్న సమాచారాన్ని సఫారీ బ్రౌజర్ 2020 నుంచి తుడిచేస్తోంది, హోమ్ స్క్రీన్ మీద చేర్చుకున్నవాటికే మినహాయింపు. ప్రణాళిక వేసిన పది రోజులకు బయల్దేరే మనిషికి ఇది ప్రమాదం.

స్టోర్లలో పెట్టడానికి యాపిల్‌కు ఏడాదికి 99 డాలర్లు, గూగుల్‌కు ఒక్కసారి 25 డాలర్లు. అది ఖర్చు కాదు. మ్యాపులను తాజాపరచడం, మారిన వేళలు ఎక్కించడం, కొత్త ఫోన్లలో పరీక్షించడం, ఇవే ఏళ్ల తరబడి సాగే ఖర్చులు.

కాబట్టి నేనైతే తోడుండే యాప్‌తో మొదలుపెడతాను. ఒక్క ప్రాంతం, బుకింగ్ వివరాల జాబితా, ఆఫ్‌లైన్ మ్యాపు, స్థానిక బస్సు రైలు వేళలు, అంతే. జనం వాడుతున్నారని తేలాక, గది కావాలన్నవాళ్లను కమీషన్ మీద అమ్మేవాళ్ల దగ్గరికి పంపించే లింకులు చేరుస్తాను. పోలిక యాప్ రాబడి పద్ధతి అప్పుడు ఇందులోకే వస్తుంది, బుకింగ్ భారం రాదు. సొంతంగా టికెట్లు అమ్మడం గురించి ఆలోచించేది, రాత్రీ పగలూ ఫోన్ ఎత్తే మనుషులు దొరికాకే.

విడుదలకు ముందు ఒక పరీక్ష మాత్రం వదలకండి. ప్రయాణం ఒకటి నమోదు చేసి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కాలమండలం మార్చి, యాప్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. టికెట్, చిరునామా, మ్యాపు, బయల్దేరే వేళ నాలుగూ సరిగ్గా కనిపించకపోతే విడుదల తేదీని వాయిదా వేయండి.