మూడేళ్లుగా లేబుల్ ప్రింటర్‌కి నేరుగా కోడ్లు పంపుతున్నా: బీవై దగ్గర తిన్న దెబ్బ

ప్రింటర్ డ్రైవర్ని (కంప్యూటర్‌కీ ప్రింటర్‌కీ మధ్య ఉండే సాఫ్ట్‌వేర్ని) పక్కన పెట్టి మూడేళ్లయింది. స్టోర్‌లో ఉన్న లేబుల్ ప్రింటర్‌కి జెడ్‌పీఎల్ (జీబ్రా లేబుల్ ప్రింటర్ల భాష) కోడ్లని నెట్‌వర్క్‌లో ప్రింటర్ డేటా తీసుకునే 9100 పోర్టుకి నేరుగా పంపిస్తాను. ఎక్స్ఏతో మొదలు, ఎక్స్‌జెడ్‌తో ముగింపు, మధ్యలో ఎక్కడ పడాలో ఎఫ్‌ఓతో, ఏం పడాలో ఎఫ్‌డీతో చెప్పడమే (వీటన్నిటి ముందూ కారెట్ గుర్తు ఉంటుంది, చదవడానికి అడ్డమని ఇక్కడ వదిలేస్తున్నా).

ఈ పద్ధతంటే నాకింత ఇష్టం బార్‌కోడ్ వల్లే. ఇదివరకు మా సాఫ్ట్‌వేర్ లేబుల్ మొత్తాన్ని బొమ్మగా చేసి, సైజుకి సర్ది డ్రైవర్‌కి ఇచ్చేది. దాంతో గీతలు కొన్ని లావు, కొన్ని సన్నం అయిపోయి, స్కానర్‌ని అటూ ఇటూ తిప్పితే గానీ బీప్ వచ్చేది కాదు. కోడ్ పంపితే గీతలు గీసేది ప్రింటరే. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు, సన్న గీత 2 చుక్కలంటే ప్రతిచోటా 2 చుక్కలే పడతాయి. భూతద్దం పెట్టి చూశాను, అంచులు బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. ఇప్పుడు స్కానర్ చూపించీ చూపించగానే చదివేస్తుంది.

అందుకే "నాలుగు కోడ్లు నేర్చుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదు" అని అడిగినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. పోయినేడు వచ్చిన తంటా తర్వాత ఆ మాట అంత ధీమాగా అనలేకపోతున్నా.

మా లేబుల్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, అంటే 400 చుక్కలు. అందులో 10 అక్షరాల కోడ్ 128 రకం బార్‌కోడ్. కొన్ని రోజులు బాగానే వచ్చేవి, ఉన్నట్టుండి ఒక రోజు అన్నిటికీ బార్‌కోడ్ కుడి చివర తెగిపోయేది. ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే సరి అయ్యేది. మళ్లీ కొన్నాళ్లకి అదే గొడవ. రోల్ మార్చిన రోజుల్లోనే ఇలా అవుతోందని గమనించి, రోల్ సరిగ్గా కూర్చోలేదనుకున్నాం. ప్రతిసారీ లేబుల్‌ని మళ్లీ కొలుచుకోమనే కాలిబ్రేషన్ కోడ్ పంపడం, అది నాలుగైదు ఖాళీ లేబుళ్లు బయటికి తోసేయడం, హెడ్ తుడవడం, గైడ్లు బిగించడం... సరుకు పంపే టైమ్‌లో ఈ టెన్షన్ మామూలుగా ఉండదు. ఇంత జరుగుతున్నా ప్రింటర్‌లో ఎర్ర లైట్ వెలగలేదు, దాని లెక్కలో తప్పేమీ లేదు మరి.

చివరికి ఒక మంచి లేబుల్‌నీ ఒక తెగిన లేబుల్‌నీ పక్కపక్కన పెట్టి స్కేలుతో కొలిచాను. తెగినదాంట్లో గీతలు ఒకటిన్నర రెట్లు లావుగా ఉన్నాయి. అప్పుడు తట్టింది. పెద్ద పెట్టెల కోసం మా సహోద్యోగి 100 మిల్లీమీటర్ల రోల్ ఎక్కించి, తన ఫార్మాట్‌లో బీవై 3 అని పంపుతాడు. గీత మందం చెప్పే ఆ కోడ్ లేబుల్‌తో పాటు పోదు, ఇంకో బీవై వచ్చేదాకానో ప్రింటర్ ఆపేదాకానో అలాగే ఉండిపోతుంది. నా ఫార్మాట్‌లో వెడల్పు చెప్పాను, పొడవు చెప్పాను, బీవై మాత్రం రాయలేదు, ఎందుకంటే ఆన్ చేయగానే ఉండేది ఎలాగూ 2. నా బార్‌కోడ్ వెడల్పు 145 పాళ్లు (ఒక పాలు అంటే ఒక సన్న గీత మందం), రెండేసి చుక్కలైతే 290, హాయిగా పడుతుంది. మూడేసి చుక్కలైతే 435, 400 చుక్కల లేబుల్‌లో పట్టే ప్రసక్తే లేదు. పొరపాటు నాదే, అతనిది కాదు.

ఇప్పుడు నా ప్రతి ఫార్మాట్‌లో ఎక్స్ఏ తర్వాత వెంటనే బీవై 2 ఉంటుంది. ఇలాగే అంటిపెట్టుకునే ఎల్‌హెచ్ (లేబుల్‌పై కొలత మొదలయ్యే చోటు), పీఓ (అచ్చు పడే దిశ) కూడా నాకు కావలసిన విలువలతో రాసేస్తున్నా. అప్పట్నుంచి ఒక్క లేబుల్ తెగలేదు.

మీరూ ఇలా చేయొచ్చా అంటే, నాది రోజంతా ఒకే రకం లేబుల్, పైగా స్క్రిప్ట్ రాసుకోవడం నాకు అలవాటు. డిజైన్ వారానికోసారి మారే చోట, ఒకే ప్రింటర్‌ని నలుగురు వాడే చోట, డ్రైవర్‌తోనే సుఖమేమో. తెలుగు అక్షరాలు కావాలన్నా ఇబ్బందే. మా ప్రింటర్‌లోని ఫాంట్లలో తెలుగు లేదు, పేరు వరకు బొమ్మగా మార్చి జీఎఫ్ కోడ్‌తో పంపుతున్నా. బార్‌కోడ్ మాత్రం మళ్లీ డ్రైవర్‌కి అప్పజెప్పను.