మిగిలిన అన్నంతో రాత్రి భోజనం: వేపాలా, ఓవెన్‌లో పెట్టాలా, సూప్‌లో వేయాలా?

ఫ్రిజ్‌లో నిన్నటి అన్నం ఉంది. ఇంటికి చేరేసరికి పొద్దుపోయింది. అరగంటలో పళ్లెంలోకి ఏదో ఒకటి రావాలి. ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి నేరుగా సోయా సాస్ సీసా మీదికే పోతుంది. ఫ్రైడ్ రైస్ మంచిదే, కాదనను. కానీ ప్రతి అన్నమూ వేపుడుకు పనికిరాదు, బాణలి ముందు నిలబడే ఓపిక ప్రతి రాత్రీ ఉండదు. రెండు దేశాల వంటలు కలిసి పుట్టిన వంటకాల్లో మిగిలిన అన్నంతో అయ్యేవి ఇంకా ఉన్నాయి. వాటిలో నాలుగింటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను: పెరూ వేపుడన్నం చాఫా, జపాన్‌లో పుట్టిన ఆమ్‌రైస్, డోరియా, చివరగా కొబ్బరిపాల సూప్‌లో ఉడికించిన అన్నం.

ఏది చేయాలన్నది అన్నమే చెబుతుంది. డబ్బా మూత తీసి రెండు మెతుకులు వేళ్ల మధ్య నలపండి. మెతుకు గట్టిగా ఉండి, వేలికి అంటకుండా విరిగితే అది వేపుడుకు తగిన అన్నం. మెత్తగా నలిగి జిగురుగా అంటుకుంటే బాణలి జోలికి పోకండి, ఎంత నూనె పోసినా ముద్దే అవుతుంది. తేడా అంతా పిండిపదార్థంలో ఉంది. ఉడికేటప్పుడు విచ్చుకున్న అమైలోజ్ అనే పిండిపదార్థం చల్లారాక మళ్లీ దగ్గరకు చేరి బిగుసుకుంటుంది, మెతుకు గట్టిపడుతుంది. పొడుగు గింజ బియ్యంలో సాధారణంగా అమైలోజ్ ఎక్కువ కాబట్టి ఆ అన్నం మర్నాటికి పలుకుపలుకుగా విడిపోతుంది. పొట్టి గింజ బియ్యంలో అది తక్కువ, ఆ అన్నం ఫ్రిజ్‌లోంచి తీసినా అతుక్కునే ఉంటుంది. అందుకే ఫ్రైడ్ రైస్ చేయాలని ముందే అనుకుని, మెత్తని అన్నంతో కుస్తీ పట్టడం దండగ.

అన్నం పొడిగా ఉంటే నా ఓటు చాఫాకే. 1849 నుంచి చైనా కూలీలు పెద్ద సంఖ్యలో పెరూకు వెళ్లారు. వాళ్ల వంట అక్కడి మిరపతో, మసాలాలతో కలిసి ఈ రుచికి వచ్చింది. అల్లం, సోయా సాస్, గుడ్డు, ఉల్లికాడలు చైనా వైపువి. అహి అమరిల్లో అనే పసుపుపచ్చ మిరప, కొందరు వేసే జీలకర్ర పొడి పెరూ వైపువి. ఆ మిరప దొరక్కపోతే పసుపు రంగు క్యాప్సికం ముక్కలతో పాటు ఓ మోస్తరు కారమున్న మిరపకాయ వేస్తే రుచి దగ్గరగా వస్తుంది.

ఇద్దరికి మూడు కప్పుల అన్నం, రెండు గుడ్లు, అంగుళం అల్లం, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒకటిన్నర టేబుల్ స్పూన్ల సోయా సాస్, పావు చెంచా జీలకర్ర పొడి చాలు. ముందుగా చేతులు తడి చేసుకుని అన్నం ఉండలన్నీ విడదీయాలి. ఈ పని బాణలిలో గరిటెతో చేయబోతే మెతుకులు చితికిపోతాయి. గుడ్లు గిలక్కొట్టి వేయించి, ఇంకా కాస్త తడిగా ఉండగానే పక్కకు తీసేయాలి. సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, మిరప, క్యాప్సికం నూనెలో వేగాక అన్నం వేసి పరచండి. ఇక కదపకండి, చప్పుడు వినండి. చల్లని అన్నం పడగానే బాణలి వేడి తగ్గి చిటపటలు అణిగిపోతాయి. అరనిమిషం, ముప్పావు నిమిషంలో మళ్లీ పుంజుకుంటాయి. అప్పుడే తిరగేయాలి. ఇలా రెండు మూడు సార్లు తిరగేశాక సోయా సాస్‌ను అన్నం మీద కాకుండా బాణలి అంచు వెంబడి పోయాలి. కాలిన ఇనుము తగిలి అది సుర్రుమని మరిగినప్పుడు వచ్చే వాసన, అన్నం మీద పోస్తే రాదు. చివర్లో గుడ్డు, జీలకర్ర పొడి, ఉల్లికాడలు వేసి కలిపి దించేయడమే. తరుగుడుతో కలిపి పావుగంట పని.

ఉప్పు మాత్రం చివర రుచి చూశాకే. మామూలు సోయా సాస్ ఒక టేబుల్ స్పూన్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పే పరిమితి 2000 మిల్లీగ్రాముల లోపు. చాఫా బదులు కొరియా పద్ధతిలో కిమ్చి (పులియబెట్టిన క్యాబేజీ) వేసి వేపినా ఇదే జాగ్రత్త, ఎందుకంటే కిమ్చిలో ఉప్పు ముందే ఉంటుంది. కిమ్చిని గట్టిగా పిండి, ముక్కల్ని ముందు వేయించి, రసం తర్వాత చెంచాలతో కలుపుకుంటే అన్నం తడవదు.

చాఫాకు ఉన్న పెద్ద లోటు, నలుగురికి ఒకేసారి చేయలేకపోవడం. ఆరు కప్పుల అన్నం ఒక్క బాణలిలో పోస్తే అణిగిన చిటపటలు తిరిగి రావు, అన్నం వేగడం మానేసి తన ఆవిరికి తనే మగ్గుతుంది. రెండు విడతలుగా చేసుకోవాలి.

ఆమ్‌రైస్‌కు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. కెచప్‌తో వేపిన అన్నం మీద ఆమ్లెట్ కప్పే ఈ వంటకం 20వ శతాబ్దం తొలినాళ్లలో, పాశ్చాత్య వంటలను జపాన్ తనదైన రీతిలో మలుచుకుంటున్న రోజుల్లో వచ్చింది. మనిషికో ఆమ్లెట్ కావాలి, నాలుగోది అయ్యేసరికి మొదటిది చల్లారిపోతుంది. ఒక్కరికో ఇద్దరికో అయితే మాత్రం పిల్లలూ పెద్దలూ ఇష్టంగా తినేది ఇదే. ఒక్క కిటుకు: ఉల్లిపాయ, చికెన్ ముక్కలు వేగాక అన్నం కన్నా ముందు కెచప్ వేసి, అది చిక్కబడి రంగు ముదిరేదాకా ఒక నిమిషం వేయించండి. పచ్చి పులుపు పోతుంది, తడీ తగ్గుతుంది కాబట్టి అన్నం ముద్దవదు. ఆమ్లెట్‌ను అన్నం చుట్టూ మడవడం రాకపోతే ఏమీ కాదు. అన్నాన్ని గిన్నెలో అదిమి పళ్లెంలో బోర్లించి, లోపల ఇంకా మెత్తగా ఉన్న ఆమ్లెట్‌ను పైన దుప్పటిలా పరిస్తే సరిపోతుంది.

అన్నం మెత్తబడిన రోజు, ఇంట్లో మనుషులు ఎక్కువున్న రోజు డోరియా గెలుస్తుంది. వెన్న కలిపిన అన్నం మీద తెల్ల సాస్, చీజ్ వేసి ఓవెన్‌లో ఎర్రగా కాల్చే వంటకమిది. యోకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన వంటల పెద్ద సాలీ వైల్ 1930 ప్రాంతంలో, ఒంట్లో బాగాలేని అతిథి కోసం దీన్ని చేశాడని చెబుతారు. గొంతులోకి తేలిగ్గా దిగే తిండి అన్నమాట, మెత్తని అన్నం ఇందులో తప్పు కానే కాదు.

రెండేసి టేబుల్ స్పూన్ల వెన్న, మైదా చిన్న మంట మీద వేయించి, అర లీటరు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపితే ఆరేడు నిమిషాల్లో తెల్ల సాస్ చిక్కబడుతుంది. కింద నాలుగు కప్పుల అన్నం, మధ్యలో వేయించిన పుట్టగొడుగులో రొయ్యలో, పైన సాస్, చీజ్. 220 డిగ్రీల దగ్గర పావుగంట. ఫ్రిజ్ అన్నాన్ని నేరుగా పరిస్తే పైన చీజ్ ఎర్రబడినా మధ్యలో చల్లగానే ఉంటుంది. అందుకే ముందు వెన్నతో పెనం మీద గానీ మైక్రోవేవ్‌లో గానీ పొగలొచ్చేలా వేడి చేసుకోండి. మొత్తం నలభై నిమిషాలు పట్టినా, నిలబడి చేసేది ఇరవై నిమిషాలే. మిగతా టైమ్‌లో స్నానం చేసి రావచ్చు. అలసిపోయిన మనిషికి ఈ తేడా చిన్నది కాదు.

ఇక సూప్ అన్నం. తరుగుడు తక్కువ, కడగాల్సింది ఒక్క గిన్నె. జపాన్‌లో జోసుయి అనే పద్ధతి ఉంది. అన్నాన్ని జల్లెడలో నీళ్ల కింద ఒక్కసారి కడిగి, పైజిగురు పోగొట్టి, మరుగుతున్న సూప్‌లో వేస్తారు, చివర గిలక్కొట్టిన గుడ్డు తీగలా పోస్తారు. నేను అదే పద్ధతిని థాయ్ రుచితో చేస్తాను. ఒక చెంచా రెడ్ కర్రీ పేస్ట్‌ను నూనెలో వేయించి, రెండు కప్పుల కొబ్బరిపాలు, నాలుగు కప్పుల చికెన్ లేదా కూరగాయల స్టాక్ పోసి, మరిగాక రెండు కప్పుల అన్నం, ఒక గుప్పెడు పాలకూర వేయాలి. అన్నం లోపలిదాకా వేడెక్కేలా ఐదు నిమిషాలు మరిగాక దించి నిమ్మరసం పిండాలి. రెండు కప్పుల అన్నం నలుగురికి సరిపోయేది ఇందులోనే. కానీ వెంటనే తినేయాలి, పావుగంట ఉంచితే సూపంతా అన్నం పీల్చేసుకుంటుంది. కరకరలాడేది ఏదీ లేకపోవడం కొందరికి నచ్చకపోవచ్చు, పైన వేయించిన పల్లీలు చల్లుకుంటే ఆ వెలితి తీరుతుంది.

నాలుగింటికీ ఒకే షరతు ఉంది, అన్నం సరిగ్గా దాచినదై ఉండాలి. బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. వాంతులు కలిగించే విషాన్ని అవి విడుదల చేశాక ఎంత వేపినా, ఎంత మరిగించినా అది పోదు. అందుకని వండిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, గంటలోపు, మహా అయితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మర్నాటికల్లా వాడేయడం మంచిది, అంతకన్నా ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రీజర్‌లో పెట్టండి. రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉండిపోయిన అన్నాన్ని వాసన బాగున్నా పారేయాల్సిందే.

ఒక్కటే ఎంచమంటే, ఇద్దరున్న ఇంట్లో పొడి అన్నంతో చాఫా. నలుగురుంటే అన్నం ఎలా ఉన్నా డోరియా, ఓవెన్ లేకపోతే సూప్. ఆమ్‌రైస్‌ను నేను వారం మధ్యలో పెట్టుకోను, తీరికున్న రోజుకి అట్టే పెడతాను. పొడి అన్నమే ఉండి అసలు ఓపిక లేకపోయినా సూప్‌లో వేసేయొచ్చు. గట్టి మెతుకు సూప్‌లో మెత్తబడుతుంది గానీ, మెత్తని మెతుకు బాణలిలో గట్టిపడదు.