ట్రోమ్సోలో అరోరా వేట: ఆకాశాన్ని వెతికిపెట్టారు, ఫొటో తీయడం మాత్రం నేర్పలేదు

నార్వే ఉత్తరాన, 69 డిగ్రీల అక్షాంశం దాటాక ఉన్న ట్రోమ్సోలో, సాయంత్రం చిన్న వ్యానులో ఎనిమిదిమందిని ఎక్కించుకుని, ధ్రువ కాంతులు (అరోరా) కనబడే చోటు వెతుకుతూ అర్ధరాత్రి దాటేదాకా తిప్పే సంస్థలు చాలా ఉన్నాయి. ఫిబ్రవరిలో అలాంటి ఒక సంస్థతో నేను వెళ్లాను. ఫొటోగ్రఫీ యాత్ర అని చెప్పి మనిషికి దాదాపు 1,900 క్రోనర్లు తీసుకున్నారు. ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు.

ఆ డబ్బులో ఎక్కువ భాగం గైడు మబ్బును చదవగలిగే నేర్పుకే చెల్లుతుంది. ట్రోమ్సో, ధ్రువం చుట్టూ ఈ కాంతులు ఎక్కువగా వచ్చే అరోరా వలయం కిందే ఉండటంవల్ల, భూ అయస్కాంత అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే కేపీ సూచీ 2 ఉన్న రాత్రి కూడా అక్కడ కాంతులు రావచ్చు. కానీ పక్కనే వెచ్చని సముద్ర ప్రవాహం ఉండటంతో తీరం మీద తరచూ మబ్బు కమ్ముతుంది. లింగెన్ పర్వతాలు దాటి లోపలికి వెళితే, సముద్రపు తేమ చాలావరకు ఆ కొండల దగ్గరే దిగిపోవడంవల్ల, స్కిబోత్న్ లోయలో ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. ఖగోళ పరిశీలనశాలను అక్కడ కట్టింది కూడా అందుకే.

మేం బయలుదేరేసరికి ట్రోమ్సోలో మంచు కురుస్తోంది. కిటికీలోంచి చూసినవారెవరైనా ఈ రాత్రికి ఆశ లేదనే అనుకుంటారు. మా గైడు ఉపగ్రహ మేఘ చిత్రాన్నీ, సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహమైన సౌర పవనంలోని అయస్కాంత క్షేత్రం, కాంతులకు అనుకూలమైన దక్షిణ దిశకు తిరిగిందో లేదో చెప్పే బీజెడ్ విలువనూ పక్కపక్కన పెట్టుకుని చూసి, వంద కిలోమీటర్లకు పైగా స్కిబోత్న్ వైపు నడిపాడు. లోయలో వ్యాను ఆపి, కొండ మీదుగా సాగిన బూడిదరంగు చారను చూపించాడు. మాకందరికీ అది మబ్బులాగే కనబడింది. ఆయన నాలుగు సెకన్ల ఎక్స్‌పోజరుతో ఒక ఫొటో తీసి కెమెరా తెర మాకు చూపిస్తే, చార పచ్చగా ఉంది. అంత మసక వెలుతురులో మన కంటికి రంగు తెలియదు, సెన్సరుకు తెలుస్తుంది. మబ్బయితే చుక్కలను కప్పేస్తుంది కాబట్టి, చార వెనక చుక్కలు కనబడుతున్నాయేమో చూడమన్నాడు, స్పష్టంగా కనబడ్డాయి.

పది నిమిషాల్లో ఆ చార నడినెత్తికి వచ్చి, దండెం మీది చీరను గాలి ఎత్తినట్టు మడతలు మడతలుగా ఊగింది. పచ్చదనం వంద కిలోమీటర్లకు పైన ఉండే ఆక్సిజన్‌ది. కింది అంచున క్షణకాలం మెరిసిన గులాబీ రంగు నైట్రోజన్‌ది. ఆ గులాబీ అంచును చూసిన క్షణం నేను కెమెరానే మరిచిపోయాను.

నా ఫిర్యాదు ఇక్కడే. గైడు వరసగా వచ్చి అందరి కెమెరాలనూ ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 3200కి, షట్టరును 15 సెకన్లకు పెట్టి వెళ్లిపోయాడు. నిశ్చలంగా పరుచుకున్న కాంతికి అది సరిపోతుంది కానీ, వేగంగా కదిలే కాంతికి 15 సెకన్లు ఇస్తే మడతలన్నీ అలుక్కుపోయి, ఆకాశానికి పచ్చరంగు పులిమినట్టు వస్తుంది. నేను లెన్స్ ద్వారాన్ని బాగా తెరిచిన ఎఫ్ 2.8 వద్దే ఉంచి, షట్టరును 2 సెకన్లకు తగ్గించాక మడతలూ గులాబీ అంచూ విడివిడిగా వచ్చాయి. ఆటోఫోకస్ ఆపి, తెర మీద ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పెద్దది చేసుకుని, అది సూదిమొన అంత అయ్యేదాకా చేత్తో తిప్పాలన్న మొదటి పాఠం కూడా ఎవరికీ చెప్పలేదు. ఇద్దరికి మొదటి గంట ఫొటోలన్నీ మసకబారాయి. అంత దూరం వచ్చినవారికి అలా జరగడం చూసి నిజంగా బాధ కలిగింది. అరువిచ్చిన ట్రైపాడ్‌లు కూడా గాలికి వణికాయి.

చలి విషయంలో మాత్రం వారి శ్రద్ధకు వంక పెట్టలేను. సున్నాకు 18 డిగ్రీలు కిందికి పడిన ఆ రాత్రి మందపాటి సూట్లు, బూట్లు ఇచ్చారు. అదనపు బ్యాటరీలను లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోమన్నారు. వెచ్చని వ్యానులోకి వచ్చేముందు కెమెరాను బయటే సంచిలో మూసేయించారు కాబట్టి ఎవరి లెన్స్ మీదా తేమ పట్టలేదు.

కాంతులు చూడటమే ముఖ్యమనుకునేవారికి ఈ సంస్థను నిస్సందేహంగా సూచిస్తాను. ఫొటోలు నేర్చుకోవాలనుకునేవారు ఫోకస్, షట్టర్ వేగం గురించి ముందే ఇంట్లో సాధన చేసి వెళ్లాలి. వ్యాను ఒక్కోసారి ఫిన్లండ్‌లోకి వెళుతుంది కాబట్టి పాస్‌పోర్టు దగ్గరుంచుకోవాలి.

షట్టర్ సంగతి గైడుకు అక్కడే చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నా పక్కనున్న ఆవిడ కెమెరాను 2 సెకన్లకు మార్చాడు. అప్పటికి కాంతుల తెర చెదిరిపోయి, ఉత్తరాన మళ్లీ ఆ బూడిదరంగు చార ఒక్కటే మిగిలింది.