పర్లాకిమిడిలో మా మామ్మ సింగర్‌కి ప్రాణం పోసిన షాపు

పర్లాకిమిడిలో రాజావారి కోట వైపు వెళ్ళే దారిలో, ఒక సందు చివర కుట్టు మిషన్ల రిపేరు షాపు ఉంది. బోర్డు లేదు. గుమ్మం పక్కన తుప్పు పట్టిన పెడల్ స్టాండ్లు నాలుగు పేర్చి ఉంటాయి, అదే గుర్తు. పాత మిషన్ ఇంట్లో పెట్టుకుని ఎవరికి చూపించాలో తెలియక తిరిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గుణుపురం. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. రోజూ కుట్టేది కొత్త మిషన్ మీదే గానీ, నాకు కుట్టు వచ్చింది మాత్రం మా మామ్మ నల్ల సింగర్ మిషన్ మీద. మామ్మ పోయాక అది పన్నెండేళ్ళు అటక మీదే ఉండిపోయింది. పోయినేడు దించితే చక్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు. దగ్గర్లో ఒకాయనకి చూపిస్తే చక్రం పట్టుకుని బలంగా గుంజి, "లోపల షాఫ్ట్ విరిగింది, పాత ఇనుము కింద ఇచ్చేయండి" అన్నాడు. ఆ మాటకి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఈ షాపు మేస్త్రీ గారు మిషన్ చూడగానే చక్రం మీద చెయ్యి వెయ్యలేదు. ముందు పీట మీద కుడివైపున్న నంబరుని గుడ్డతో తుడిచి చదివారు. నంబరు ముందు 'వై' అని ఒక్క అక్షరం ఉంది. స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైన సింగర్లకి 1935 నుంచి 'ఇ ఎ' అంటూ రెండక్షరాలు వచ్చాయట. ఒకే అక్షరం ఉంటే అంతకుముందుదని లెక్క. ఇది 15కె రకం, ఆ 'కె' కూడా ఆ ఫ్యాక్టరీ ఉన్న కిల్‌బోవీ పేరులోదే. ఒడిశా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అంటే మా ఊరు ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి మిషన్ ఇది! నౌపడా నుంచి చిన్న రైల్లో ఇంటికొచ్చిందని మామ్మ చెప్పేది. గుణుపురం దాకా ఆ లైను పడింది 1931లో. మామ్మ మాటకి నంబరు కూడా సరిపోయిందని నాకెంత సంబరమో.

తర్వాత మిషన్ తలని, అంటే స్టాండు మీదుండే పై భాగాన్ని, వెనక్కి వంచి, కింద వాసన చూసి, "ఏటమ్మా, దీనికి కొబ్బరినూనె పోశారా?" అని అడిగారు. పోశాం. మిషన్ ఆయిల్ అయిపోయినప్పుడల్లా మామ్మ అదే పోసేది. ఆ నూనె ఏళ్ళ తరబడి గడ్డకట్టి, బంకలాగా పట్టేసింది. విరిగింది ఏమీ లేదు. ప్రతి నూనె రంధ్రంలో కిరసనాయిలు చుక్కలు వేసి, చక్రాన్ని అటూ ఇటూ మెల్లిగా మాత్రమే ఆడించారు. మర్నాడు మళ్ళీ చుక్కలు. మూడో రోజుకి కదిలిందట. చివరికి కింది దారం ఉండే షటిల్ గూడు విప్పితే అడుగున చుట్టుకుపోయిన ఎర్ర దారం ఉండ వచ్చింది. దాన్ని కాగితంలో పొట్లం కట్టి ఉంచారు. నేను వెళ్ళినప్పుడు విప్పి చూపించారు. మామ్మ చివరిసారి కుట్టిన లంగా రంగు అది.

నాకు బాగా నచ్చింది, ఆయన చెయ్యకుండా వదిలేసిన పని. రంగు వెయ్యలేదు. బంగారు పువ్వులు బట్ట రాసుకునే చోట అరిగిపోయి ఉన్నాయి, అలాగే ఉంచారు. పైన మెరిసేది లక్క పూత, స్పిరిట్ తగిలితే కరిగిపోతుందని స్పిరిట్‌ని దగ్గరికే రానివ్వలేదు. మెత్తటి గుడ్డకి మిషన్ ఆయిల్ అద్ది తుడిచారంతే. పాత మిషన్ అనగానే నల్ల పెయింటు కొట్టి కొత్తదానిలా చేసి ఇచ్చేవాళ్ళని చాలామందిని చూశాను, అది నాకు ఏడుపొచ్చే పని.

బాబిన్‌కి, అంటే కింది దారం చుట్టే చిన్న కండెకి, దారం నింపేటప్పుడు సూది ఆగకుండా ఆడే జబ్బు కూడా ఉండేది. చక్రం మధ్య మర లోపల మూడు చెవుల వాషర్ ఒకటుంటుంది, ఎవరో దాన్ని తిరగేసి బిగించారు. సగం తిప్పి పెడితే సరిపోయింది. బాబిన్ కేసు మాత్రం కొత్తది వెయ్యాల్సి వచ్చింది. మన దేశంలో దొరికే నల్ల మిషన్లు చాలావరకు ఈ 15 రకాన్ని చూసి చేసినవే కాబట్టి, మామూలు కేసే చక్కగా కూర్చుంది. కేసుని దారంతో వేలాడదీసి చిన్న కుదుపు ఇస్తే కొంచెం జారి ఆగాలి, అప్పుడే టెన్షన్, అంటే దారం బిగువు, సరిగ్గా ఉన్నట్టు. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం వేసి రెండు పొరల వాయిల్ మీద కుట్టి చూపించారు. పైన ఎక్కడా తెలుపు చుక్క లేదు, కింద ఎరుపు లేదు.

తోలు బెల్టు, బాబిన్ కేసు, సూదులు, కూలి అన్నీ కలిపి 1,380 రూపాయలు తీసుకున్నారు. ఆ పనికి ఎక్కువ కాదు. కానీ రెండు వారాలన్నది ఐదు వారాలైంది, ఒక్క ఫోను కూడా లేదు. నేను రెండుసార్లు ఊరికే రైలెక్కి వెళ్ళొచ్చాను. ఇది ఆయన మార్చుకోవాలి. బాబిన్ మీద మూసే జరుపు పలక కూడా పాత డబ్బాలోంచి తీసి వేశారు, కొంచెం పట్టేస్తోంది, గోరుతో లాగాలి.

స్టాండు మోసుకెళ్ళక్కర్లేదు. బెల్టు తప్పించి, తల కింద వెనకున్న రెండు మరలు వదులు చేస్తే తల ఊడి వస్తుంది. సూది తీసేసి, పాత దుప్పటిలో చుట్టి తీసుకెళ్ళండి. బాబిన్ కేసు ఉంటే అది కూడా. ఏ నూనె పోశారో ముందే చెప్పండి.