జాగ్రత్త: బ్లాక్ టెస్ట్ సరిగ్గా చెయ్యకుండా ఎస్‌ఐ జాయింట్ ఫ్యూజన్‌కు ఒప్పుకోకండి

నడుం కింద, పిర్ర పైభాగంలో ఏళ్ల తరబడి నొప్పి ఉన్నవాళ్లకు ఇప్పుడు సాక్రోఇలియాక్ (ఎస్‌ఐ) ఫ్యూజన్ గట్టిగా అమ్ముతున్నారు. వెన్నెముక అడుగున ఉండే సేక్రం ఎముక, కటి ఎముకలోని ఇలియం కలిసే కీలును కదలకుండా బిగించే ఆపరేషన్ ఇది. చిన్న కోత, మూడు ఇంప్లాంట్లు, ఒకట్రెండు రోజుల్లో ఇంటికి. ఆపరేషన్ గంటలో అయిపోయే మాట నిజమే. కానీ డబ్బు కట్టి చేయించుకున్నాక కూడా నొప్పి అలాగే ఉందని వచ్చేవాళ్ల ఫైళ్లలో తరచూ కనిపించే లోపం ఒకటుంది. ఇంప్లాంట్లు సరిగ్గానే కూర్చుంటాయి, నొప్పి మాత్రం ఆ కీలుది కాదు. వెన్నెముక అన్నిటికన్నా కింద ఉండే ఎల్5–ఎస్1 డిస్కు నొప్పి, తుంటి కీలు అరుగుదల కూడా అక్కడే నొప్పి పుట్టిస్తాయి. ఎంఆర్‌ఐ రిపోర్టులో "ఎస్‌ఐ జాయింట్‌లో మార్పులు" అని రాసినంత మాత్రాన ఏమీ తేలదు. వయసు పైబడినవాళ్లలో నొప్పి లేకపోయినా ఆ మార్పులు ఉంటాయి.

తేల్చేది రెండే. మొదటిది చేత్తో చేసే పరీక్ష. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమంటే, పేషెంటు వేలు నడుం కింద సొట్ట పడే చోట ఆగాలి. తర్వాత కీలు మీద ఒత్తిడి తెచ్చే ఐదారు పరీక్షలున్నాయి: తొడ పైకి మడిచి కిందికి నొక్కడం, కటి ఎముకలను రెండు వైపులా విడదీసినట్టు నొక్కడం, పక్కకు పడుకోబెట్టి పైనుంచి నొక్కడం లాంటివి. వాటిలో కనీసం మూడింటిలో మీకు రోజూ వచ్చే అదే నొప్పి రావాలి. మిమ్మల్ని బల్ల మీద పడుకోబెట్టకుండానే, ఫిల్ములు మాత్రం చూసి సర్జరీ తేదీ ఇచ్చారంటే అక్కడే ఆగండి.

రెండోది బ్లాక్ ఇంజెక్షన్: కీలులోకి మొద్దుబార్చే మందు ఎక్కించి, నొప్పి తగ్గుతుందేమో చూడడం. అసలు మోసపోయేది ఇక్కడే. దీన్ని సీ-ఆర్మ్ (అప్పటికప్పుడు తెర మీద చూపే ఎక్స్‌రే యంత్రం) కింద గానీ సీటీ కింద గానీ చెయ్యాలి. సూది కీలు లోపలికే వెళ్లిందని ఫిల్ములో కనిపించే కాంట్రాస్ట్ మందుతో చూపించాలి, ఆ ఫిల్ము మీ చేతికివ్వాలి. ఈ కీలులో పట్టేదే ఒకటి రెండు మిల్లీలీటర్లు. ఐదారు మిల్లీలీటర్లు ఎక్కిస్తే మందు బయటికి కారి చుట్టుపక్కల నరాలూ మొద్దుబారతాయి. అప్పుడు నొప్పి తగ్గినా ఆ కీలు వల్లే వచ్చిందని చెప్పలేం. గాఢంగా మత్తిచ్చి చేసినా అంతే, ఆ ఫలితం లెక్కలోకి రాదు. ఇంజెక్షన్‌కు ముందు నొప్పికి పదికి ఎంతో రాసుకోండి. తర్వాత మొదటి కొన్ని గంటలు, మొద్దుబార్చే మందు పనిచేసే సమయంలో, మెట్లెక్కి, నేల మీద కూర్చుని లేచి, ప్రతి అరగంటకూ మళ్లీ రాయండి. కనీసం 75 శాతం తగ్గాలి, వేరే రోజున మళ్లీ చేసినా అలాగే తగ్గాలి. "వారం తర్వాత కాస్త బాగుంది" అన్నది ఇంజెక్షన్‌లో కలిపిన స్టెరాయిడ్ ఫలితం, రోగ నిర్ధారణ కాదు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. నలభై లోపు వయసు, పొద్దున లేవగానే అరగంటకు మించి బిగుసుకుపోవడం, నడిస్తే సర్దుకోవడం ఉంటే అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను, ఎస్‌ఐ కీళ్లలో వాపు తెచ్చే జబ్బు) కావచ్చు. దానికి చూపించాల్సింది రుమటాలజిస్టుకు (కీళ్లవాతం డాక్టరు), కావాల్సింది మందులు. ఒక పక్కే నొప్పి, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ గానీ బ్రూసెల్లా (పశువుల నుంచి, కాచని పాల నుంచి వచ్చే ఇన్ఫెక్షన్) గానీ లేదని తేలేదాకా అక్కడ లోహం పెట్టకూడదు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలతో పాటు ఎస్‌ఐ కీళ్లకే విడిగా, ఎముకలో వాపును చూపే స్టిర్ సీక్వెన్సుతో ఎంఆర్‌ఐ చేయించండి. మామూలు నడుం ఎంఆర్‌ఐలో ఈ కీళ్లు పూర్తిగా రావు. కాన్పు తర్వాత మొదలైన నొప్పికి ఏడాదిలోపే సర్జరీ అంటే కూడా ఒప్పుకోవద్దు. అది చాలామందికి వ్యాయామాలతో నెమ్మదిగా తగ్గుతుంది.

"90 శాతం సక్సెస్" అని చెప్పినప్పుడు ఏ పరిశోధన అని అడగండి. త్రికోణాకారపు టైటానియం ఇంప్లాంటు మీద అమెరికాలో జరిగిన ఇన్‌సైట్, యూరప్‌లో జరిగిన ఐమియా ట్రయల్స్‌లో సర్జరీకే మంచి ఫలితం వచ్చింది. అయితే ఆ రెండూ తయారీ కంపెనీ డబ్బుతో జరిగాయి. ఎవరికి సర్జరీ అయిందో, ఎవరికి ఫిజియోథెరపీయో పేషెంట్లకు తెలుసు. నార్వే, స్వీడన్ సర్జన్లు 63 మందిలో కొందరికి చర్మం మీద కోత మాత్రమే పెట్టి పోల్చి చూసి 2024లో ప్రచురించిన ట్రయల్‌లో, ఆరు నెలలకు రెండు వర్గాల మధ్య నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దీనివల్ల ఎవరికీ పనిచెయ్యదని కాదు, కానీ సర్జరీకి ముందు ఈ సంగతి మీకు చెప్పి తీరాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు బిల్లింగ్ కోడ్ అడగండి. పక్క నుంచి ఇలియం దాటి సేక్రంలోకి ఇంప్లాంట్లు దించేది 27279. వెనక నుంచి కీలు సందులోకి ఇంప్లాంటునో, దాత ఎముక ముక్కనో దూర్చేది 2024లో వచ్చిన 27278. మొదటిదాని ట్రయల్స్ చూపించి రెండోది చేసేవాళ్లున్నారు. ఇక్కడ మన ఊళ్లలో అయితే ఇంప్లాంటు పేరు, సైజు, ఎంఆర్‌పీ ముందే రాయించుకోండి. మోకాలి ఇంప్లాంట్లకు 2017లో కేంద్రం పెట్టినట్టు వీటికి గరిష్ఠ ధర లేదు. ఆపరేషన్ అయ్యాక ఒక్కో ఇంప్లాంటు ప్యాకెట్ మీది లాట్ నంబరు స్టిక్కరు మీ ఫైల్లో ఉండాలి. బిల్లులో మూడు ఉండి ఎక్స్‌రేలో రెండే కనిపిస్తే నిలదీయడానికి అదే ఆధారం.

రెండు వైపులా ఒకేసారి చేస్తామంటే వద్దనండి. చేసిన వైపు దాదాపు మూడు వారాలు వాకర్‌తో బరువు తగ్గించి నడవాలి, రెండు కాళ్లకూ ఒకేసారి ఆ వీలుండదు.

మత్తు దిగాక కొత్తగా కాలిలోకి మంటలా పోటు వస్తే, పాదం పైకి లేవకపోతే "నరం వాపు, తగ్గుతుంది" అన్న మాట నమ్మి డిశ్చార్జి కావద్దు. ఇంప్లాంటు సేక్రంలో నరం బయటికొచ్చే రంధ్రంలోకో, ముందుకో పోయి కాలికి వెళ్లే ఎస్1 లేదా ఎల్5 నరాన్ని తాకుతూ ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రే సరిపోదు, అదే రోజు సీటీ తియ్యమనండి. నరం మీద ఉందని తేలితే వెంటనే వెనక్కి లాగడం తేలిక. నెలలు గడిచి ఎముక పట్టుకున్నాక తియ్యాలంటే పెద్ద ఆపరేషనే.